స్లాట్‌లో కూర్చుంది, మరి పనిచేయదేం?

ల్యాప్‌టాప్ వైఫై కార్డుల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

‘వైఫై రావడం లేదు, ఏం చేయాలి?’ అని ఒక్క ముక్క రాస్తే జవాబు చెప్పడం కష్టం. కార్డే మెషిన్‌కు కనబడటం లేదా, కనబడినా డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కడం లేదా, డ్రైవర్ ఎక్కినా సిగ్నల్ అందడం లేదా? మూడింటికీ మందులు వేరు. అందుకే మోడల్ నంబర్లు, స్క్రీన్ మీద వచ్చిన సందేశాలు రాసినవారి ప్రశ్నలే ముందు తీసుకున్నాం.

ప్ర: నాది ఏఎండీ రైజెన్ 5 ల్యాప్‌టాప్. స్పీడు చాలక ఆన్‌లైన్‌లో ఇంటెల్ ఏఎక్స్211 కార్డు కొని బిగించాను. స్లాట్‌లో చక్కగా కూర్చుంది. కానీ డివైస్ మేనేజర్‌లో వైఫై లేదు, బ్లూటూత్ కూడా పోయింది. పాత కార్డు పెడితే రెండూ వస్తున్నాయి. అమ్మినాయన కార్డులో లోపమే లేదంటున్నారు. – తణుకు

జ: ఆయన అన్నది నిజమే. కార్డూ బాగుంది, ల్యాప్‌టాపూ బాగుంది. ఆ రెండూ కలవవు, అంతే. ఏఎక్స్211 పూర్తి వైఫై కార్డు కాదు. ఇంటెల్ వాళ్ల సీఎన్‌వీఐ పద్ధతిలో వైఫై పని చాలావరకు ప్రాసెసర్, చిప్‌సెట్ వైపే జరిగిపోతుంది. కార్డు మీద మిగిలేది రేడియో భాగం మాత్రమే. ఏఎండీ బోర్డులో ఆ మొదటి భాగం ఉండదు కాబట్టి ఎన్ని డ్రైవర్లు మార్చినా ఫలితం ఉండదు. స్లాట్ కొలత మాత్రం రెండిటికీ ఒకటే: ఎం.2, 22 × 30 మిల్లీమీటర్లు. అందుకే కార్డు లోపలికి దిగిపోతుంది, కొన్నవాళ్లు మోసపోతారు.

ఇంటెల్‌లో 9560, ఏఎక్స్201, ఏఎక్స్211, బీఈ201 ఈ సగం కార్డుల జాతి. 9260, ఏఎక్స్200, ఏఎక్స్210 పని మొత్తం తామే చేసుకునే మామూలు పీసీఐఈ కార్డులు. ఏఎక్స్ వరసలో చివరి అంకె 0 ఉంటే మీకు పనికొస్తుంది, 1 ఉంటే వద్దు. బీఈ200 చివర కూడా 0 ఉంది కదా అని తొందరపడకండి, ఏఎండీ మెషిన్లలో అది మొండికేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. మీకు ఏఎక్స్210 గానీ, మీడియాటెక్ ఎంటీ7922 గానీ సరిపోతుంది. ఈ రెండోదే ఆర్‌జెడ్616 పేరుతోనూ దొరుకుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నవారు కూడా తరం చూసుకోవాలి. 8వ తరం బోర్డులో 9560 తీసేసి ఏఎక్స్201 పెడితే అది పలకదు.

కార్డు మార్చేటప్పుడు ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, బోర్డు మీది బ్యాటరీ కనెక్టర్ కూడా విడదీయండి. కార్డుల ప్రాణం యాంటెన్నా తీగల దగ్గరే ఉంది. ఎం.2 కార్డు మీది గుండ్రటి కనెక్టర్ గోటికన్నా చిన్నది. తీగ చివర దాని మీద బిగిసే చిన్న టోపీ ఉంటుంది, దాన్ని తీగ పట్టుకుని లాగొద్దు. ప్లాస్టిక్ పుల్లతోనో, గోటితోనో అంచు కింద నుంచి నిటారుగా పైకి లేపాలి. పెట్టేటప్పుడు టోపీని కనెక్టర్‌కు సరిగ్గా మధ్యలో ఉంచి వేలితో నేరుగా నొక్కితే చిన్నగా టక్కుమంటుంది. టక్కుమనకపోతే బలం చూపించకండి, కాస్త జరిపి మళ్లీ చూడండి. వంకరగా నొక్కితే మధ్యలోని పిన్ను వంగుతుంది, తర్వాత కార్డు పారేయడమే. మీరే పదే పదే తీసి పెట్టినా పట్టు వదులవుతుంది, అవి అలా వాడటానికి చేసినవి కావు. తీగ ఊడినా కార్డు డివైస్ మేనేజర్‌లో మామూలుగానే కనిపిస్తుంది. రూటర్ పక్కన కూర్చుంటే నెట్ వస్తుంది, పక్క గదిలోకి వెళ్తే పోతుంది. ‘కార్డు వీక్’ అని తేల్చే ముందు ఆ రెండు తీగలూ చూడండి.

ఎం.2కు ముందు వచ్చిన మినీ పీసీఐఈ స్లాట్ ఉన్న పాత ల్యాప్‌టాప్ వారికి ఇంకో చిక్కు ఉంది. వాటి యాంటెన్నా కనెక్టర్ పెద్ద సైజు, ఎం.2 కార్డు మీద పట్టదు. ఎం.2 కార్డును ఆ స్లాట్‌లో పెట్టే అడాప్టర్ బోర్డు కొనేవారు ఆ తీగలకు చిన్న మార్పిడి తీగలు కూడా కొనుక్కోవాలి.

ప్ర: పాత థింక్‌ప్యాడ్‌లో వేరే వైఫై కార్డు వేశాను. ఆన్ చేయగానే ‘1802’ అంకెతో ఒక సందేశం వచ్చి ఆగిపోతోంది. విండోస్ దాకా కూడా వెళ్లడం లేదు. బోర్డు పోయిందా? – ఖమ్మం

జ: పోలేదు. కార్డు తీసేసి ఆన్ చేయండి, మామూలుగా లేస్తుంది. అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు పెట్టారని ఆ సందేశానికి అర్థం. అప్పటి థింక్‌ప్యాడ్‌ల బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డు లోపలి ప్రోగ్రాం) ఒప్పుకునే కార్డుల జాబితా ఉండేది. అందులో లేని కార్డు కనబడితే బయోస్ అక్కడే ఆపేస్తుంది. కొన్ని పాత హెచ్‌పీ మోడళ్లలో ఇదే గొడవ 104 నంబరు సందేశంతో వస్తుంది. మీ మోడల్ హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుంటే, వైఫై కార్డు వరుసలో ఎఫ్ఆర్‌యూ నంబర్లు, అంటే విడిభాగాల నంబర్లు ఉంటాయి. లేబుల్ మీద ఆ నంబరున్న కార్డే వెతికి కొనండి. చిప్ ఒకటే అయినా వేరే కంపెనీ కోసం చేసిన కార్డును బయోస్ ఒప్పుకోకపోవచ్చు. మార్చిన బయోస్ ఎక్కిస్తామనే వీడియోలు బోలెడున్నాయి. వైఫై కార్డు కోసం మదర్‌బోర్డును పణంగా పెట్టడం మాకైతే నచ్చదు. అంత అవసరమైతే యూఎస్‌బీ డాంగిల్‌ను బయోస్ అడ్డుకోదు.

ప్ర: విండోస్ తీసి లినక్స్ మింట్ వేశాను. అన్నీ బాగున్నాయి, వైఫై గుర్తే లేదు. కార్డు బ్రాడ్‌కామ్ అట. ఇంట్లో కేబుల్ నెట్ కూడా లేదు. – అనకాపల్లి

జ: టెర్మినల్‌లో ఎల్, ఎస్, పీ, సీ, ఐ అక్షరాలు ఇంగ్లిషులో కలిపి కొట్టి, ఖాళీ వదిలి, ఒక గీత పెట్టి, రెండు ఎన్‌లు కొట్టండి. వచ్చే జాబితాలో నెట్‌వర్క్ వరుస చివర 14ఈ4:4365 అని ఉంటే మీది బీసీఎం43142. 14ఈ4 బ్రాడ్‌కామ్ సంకేతం. ఇంటెల్‌ది 8086, రియల్‌టెక్‌ది 10ఈసీ, మీడియాటెక్‌ది 14సీ3. ఈ చిప్‌ను లినక్స్‌లో సొంతంగా ఉన్న బ్రాడ్‌కామ్ డ్రైవర్లు నడపలేవు. బ్రాడ్‌కామ్ కంపెనీ ఇచ్చిన డబ్ల్యూఎల్ డ్రైవర్ వేయాల్సిందే. నెట్ కోసం డ్రైవర్ కావాలి, డ్రైవర్ కోసం నెట్ కావాలి. ఫోన్‌ను డేటా కేబుల్‌తో తగిలించి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌కు అది కేబుల్ నెట్‌లాగే కనిపిస్తుంది. తర్వాత మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిచి, బ్రాడ్‌కామ్ వరుసను ఎంచుకుని అప్లై చేయండి.

చాలామంది తప్పేది ఇక్కడి నుంచే. నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ చేసినప్పుడు నీలం తెర వస్తుంది. అందులో ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెర కొద్ది సెకన్లే ఉంటుంది. టీ తాగొద్దాం అని లేచారా, అది దాటిపోతుంది. డ్రైవర్ డిస్కులో ఉంటుంది గానీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ దాన్ని లోడ్ చేయదు. అప్పుడు మళ్లీ డ్రైవర్ మేనేజర్‌లో డ్రైవర్ తీసేసి వేయాలి, లేదంటే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపాలి. కెర్నల్ అప్‌డేట్ అయిన మర్నాడు వైఫై పోతే, కొత్త కెర్నల్‌కు ఈ డ్రైవర్ తయారు కాలేదేమో చూడండి. బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే ఆ పూటకు గడుస్తుంది. ఏటా ఈ తంటా పడలేమంటే, బయోస్ ఒప్పుకునే ఇంటెల్ పీసీఐఈ కార్డు ఒకటి వేయించుకోండి. దాని డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది.

ప్ర: మా ఫైబర్ రూటర్ రెండు పేర్లు చూపిస్తుంది. ఫోన్లో రెండూ కనబడతాయి, ల్యాప్‌టాప్‌లో చివర 5జీ అని ఉన్నది కనబడదు. – కరీంనగర్

జ: ఆ 5జీ అంటే ఇక్కడ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్, మొబైల్ 5జీ కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్‌ష్ డబ్ల్యూల్యాన్ షో డ్రైవర్స్’ ఆదేశాన్ని ఇంగ్లిషులో కొట్టి, రేడియో టైప్స్ వరుస చూడండి. అక్కడ 802.11బీ, జీ, ఎన్ మాత్రమే ఉంటే కార్డు 2.4 గిగాహెర్ట్జ్‌ది. అది 5ను ఎప్పటికీ పట్టలేదు. ఏసీ గానీ, ఏ గానీ ఉంటే కార్డుకు సత్తా ఉంది, రూటర్‌లో చానల్ చూడండి. ఆటోలో ఉంటే 36, 40, 44, 48లలో ఒకటి పెట్టి చూడండి. కొత్త వైఫై 6 రూటర్ వచ్చాకే సమస్య మొదలైందా? పాత ఇంటెల్ కార్డుల పాత డ్రైవర్లకు ఆ నెట్‌వర్క్ అసలు కనిపించేది కాదు. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే తీరుతుంది.

ప్ర: స్లీప్ నుంచి లేపితే ఒక్కోసారి వైఫై కార్డే మాయమవుతుంది. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసినా రాదు. – హోసూరు

జ: విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. కెర్నల్ స్థితిని డిస్కులో దాచుకుని, ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెస్తుంది. కాబట్టి ముందు రీస్టార్ట్ చేయండి. దానికీ రాకపోతే ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఇరుక్కుపోయిన కార్డు చాలాసార్లు దీనితోనే లేస్తుంది. వచ్చాక డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చన్న టిక్కు తీసేయండి. కొన్ని కొత్త మోడళ్లలో ఆ ట్యాబ్ ఉండదు. అప్పుడు ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో బయోస్, వైఫై డ్రైవర్ రెండూ చూసి కొత్తవి వేయండి. ఇవన్నీ చేశాక కూడా వారానికోసారి మాయమవుతుంటే, వెనక మూత విప్పి కార్డు స్క్రూ వదులైందేమో చూడండి. స్క్రూ లేకపోతే కార్డు అంచు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. వేడికి, కుదుపులకు కాంటాక్టులు వదులవుతాయి.