ఎమర్జెన్సీ ఫండ్‌కి డెబిట్ కార్డు తగిలిస్తే ఇంతే

ప్రశ్న: నాలుగు నెలల ఖర్చులకు సరిపడా ఎమర్జెన్సీ ఫండ్ ఉండేది. కొంత జీతం పడే ఖాతాలోనే, మిగతాది ఆ ఖాతాకే లింకైన డిపాజిట్‌లో. ఒక అర్ధరాత్రి నా డెబిట్ కార్డు మీద ఆరు లావాదేవీలు జరిగి దాదాపు అంతా పోయింది. కార్డు నా దగ్గరే ఉంది, ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. తిరిగి పడుతుందేమోనని నాలుగు రోజులు చూసి, అయిదో రోజు బ్యాంకుకు ఫిర్యాదు చేశాను. విచారణలో ఉందంటున్నారు. ఈలోగా ఇంటి లోను ఈఎంఐ తేదీ వచ్చేస్తే క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీశాను. ఆ బిల్లు కట్టడానికి ఒక లోన్ యాప్‌లో తీసుకున్నాను. ఈ రెండూ తీర్చడానికి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? ఇకమీదట కార్డు ఇన్సూరెన్సు ఉంటే సరిపోతుందా?

జవాబు: మీరు అడిగింది లోను గురించి, ఇన్సూరెన్సు గురించి. నేను పట్టుకున్నది మాత్రం మీ మొదటి వాక్యాన్ని. ఎమర్జెన్సీ ఫండ్ ఉండేదన్నారు. నా లెక్కలో అది ఎప్పుడూ లేదు. జీతం పడే ఖాతాలో, రోజూ నాలుగు చోట్ల గీకే కార్డు వెనకాల, బ్యాలెన్స్ తగ్గితే దానంతటదే విరిగే డిపాజిట్‌గా ఉన్న డబ్బును ఖాతాలో మిగులు అంటారు. ఈ పొరపాటు నాకు వచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపిస్తుంది, మీరొక్కరే కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీరు జతచేసిన స్టేట్‌మెంట్ లైను లైనూ చూశాను. అసలు దెబ్బకు రెండు రోజుల ముందు, ఎన్నడూ వినని వ్యాపారి పేరు మీద ఒక చిల్లర మొత్తం పోయింది. అది దొంగ తలుపు తట్టి చూడటం. కార్డు పనిచేస్తోందా, ఇంటివాళ్లు మేలుకుని ఉన్నారా అని. మీరు పలకలేదు. ఆ తర్వాత రాత్రి 1.40కి మొదలై తొమ్మిది నిమిషాల్లో ఆరు కోతలు. వాటి మధ్యలో మూడుసార్లు ‘డిపాజిట్ నుంచి బదిలీ’ అన్న లైను ఉంది, చూశారా? ఖాతా ఖాళీ అయిన ప్రతిసారీ మీ డిపాజిట్లోంచి ఒక ముక్క విరిగి దొంగ చేతికి వెళ్లింది. మీ వీలు కోసం పెట్టించుకున్న లింకు వాడికి కూడా వీలుగానే ఉంది.

ఓటీపీ చెప్పలేదు కాబట్టి ఎలా జరిగిందో అర్థం కావడం లేదన్నారు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకనున్న మూడంకెలు ఉంటే చాలు, ఓటీపీ అడగకుండా సొమ్ము తీసుకునే వ్యాపారులు ప్రపంచంలో ఇంకా ఉన్నారు. అయితే ఓటీపీ చెప్పకపోవడం ఇప్పుడు మీకు పెద్ద బలం. చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీ నెత్తినే పడేది.

ఏ దేశంలో ఉంటున్నదీ రాయలేదు. ఇండియాలో అయితే 2017 జులైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలున్నాయి. మీ తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా మధ్యలో ఎక్కడో వివరాలు లీకై డబ్బు పోతే, సమాచారం అందిన 3 పని దినాల్లోపు చెబితే మీ మీద భారం సున్నా. 4 నుంచి 7 పని దినాల్లో చెబితే మామూలు పొదుపు ఖాతాకి 10,000 రూపాయల దాకా మీరు భరించాలి. అది మొత్తం మీద అనుకునేరు, ఒక్కో లావాదేవీకి! మీవి ఆరు. 7 దాటితే ఆ బ్యాంకు సొంత పాలసీ ఎలా ఉంటే అలా. కాబట్టి ఈ పూటే క్యాలెండరు ముందు పెట్టుకోండి. మెసేజ్ వచ్చిన రోజును లెక్కలో కలపరు. సెలవులూ కలపరు, ఖాతా ఉన్న బ్రాంచి పనిచేసిన రోజులే లెక్క. మీరు అయిదో రోజు అంటున్నది బ్యాంకు లెక్కలో మూడోది కావచ్చు. అలా అయితే ఆ విషయం రాతపూర్వకంగా పంపి, ఫిర్యాదు నంబరు వేయించుకోండి. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయలేదంటే అదీ ఇప్పుడే చేయండి, ఆలస్యమైనా సరే. తప్పు మీదేనని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకుదే తప్ప, మీరు నిర్దోషినని ఋజువు చేసుకుంటూ కూర్చోనక్కర్లేదు.

అమెరికాలో అయితే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. క్రెడిట్ కార్డు దుర్వినియోగమైతే చట్టప్రకారం మీ భారం 50 డాలర్లు దాటదు. పోయిన డెబిట్ కార్డు సంగతి తెలిసిన 2 పని దినాల్లో చెబితే 50, ఆ తర్వాతయితే 500 దాకా. స్టేట్‌మెంట్ వచ్చాక 60 రోజులు కూడా దాటనిస్తే, ఆపైన పోయేదానికి హద్దే లేదు.

ఏ దేశమైనా అసలు సంగతి ఒకటే. క్రెడిట్ కార్డు మీద మోసం జరిగితే తగువులో ఉన్నది బ్యాంకు సొమ్ము. డెబిట్ కార్డు మీద జరిగితే మీది. ఇండియాలో ఫిర్యాదు అందిన 10 పని దినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చూపాలి. కానీ విచారణ తేలేదాకా దాన్ని ముట్టుకోనివ్వకపోవచ్చు. తేల్చడానికి 90 రోజుల గడువు. చట్టం పూర్తిగా మీ వైపే ఉన్నా మూడు నెలలు గడవాలి కదా! సరిగ్గా ఇలాంటి మూడు నెలల కోసమే ఎమర్జెన్సీ ఫండ్ అనేది. మీ విషయంలో ఇల్లు తగలబడితే బకెట్లు కూడా ఆ ఇంట్లోనే ఉన్నాయి.

ఇక మీరు చేసిన రెండో పని. కోప్పడుతున్నాననుకోకండి, కోప్పడుతూనే ఉన్నాను. క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీస్తే వడ్డీ లేని రోజులంటూ ఉండవు, తీసిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది, పైన ఫీజు. దాన్ని తీర్చడానికి ఫోన్లో కాంటాక్టులూ ఫోటోలూ చూడనివ్వమని అడిగే యాప్ దగ్గర అప్పా? దొంగ తొమ్మిది నిమిషాలే ఉన్నాడు. ఈ యాప్ మీ ఫోన్లోనే కాపురం పెడుతుంది. గడువుకు ముందే ఇంటి లోను ఇచ్చినవాళ్లకి ఫిర్యాదు కాపీ చూపించి ఈఎంఐ తేదీ జరపమని అడిగి ఉంటే ఈ రెండూ అవసరపడేవి కావేమో. మీరు అడగనేలేదు.

ముందు ఆఫీసులో జీతం అడ్వాన్స్ అడగండి, కుదరకపోతే ఇంట్లోవాళ్లని. మొహమాటానికి వడ్డీ కట్టేంత స్తోమత ఇప్పుడు మీకు లేదు. వచ్చిందాంతో యాప్ అప్పు మొదట మూసేసి, బకాయి లేదని కాగితం తీసుకుని, ఆ తర్వాత కార్డు క్యాష్ తీర్చండి. పర్సనల్ లోన్ చివరి దారి. అదీ బ్యాంకు నుంచి, ముందే కట్టేసినా పెనాల్టీ లేనిదైతేనే, ఈ రెండింటికి ఎంత కావాలో అంతే. ‘ఇంకొంచెం ఎక్కువిస్తాం సార్’ అంటే ఫోన్ పెట్టేయండి.

కార్డు ఇన్సూరెన్సు కావాలంటే తీసుకోండి. ఎన్ని గంటల్లో చెప్పాలో పాలసీలో చదివి మరీ. నాలుగు రోజులు ఆగి చూసేవాళ్లకి అది ఉన్నా లేనట్టే.

నా ఏర్పాటు చెబుతాను. ఎమర్జెన్సీ డబ్బు వేరే బ్యాంకులో, దేనికీ లింకు లేని ఖాతాలో ఉంది. దానికి డెబిట్ కార్డు అసలు తీసుకోలేదు. రోజువారీ కార్డు ఉన్న ఖాతాలో ఒక నెల ఖర్చుకు మించి ఉంచను. ఆ కార్డులో విదేశీ లావాదేవీలు, ఆన్‌లైన్ వాడకం ఆపేసి, కావలసినప్పుడు తెరిచి మళ్లీ మూస్తాను. ఇండియాలో 2020 అక్టోబరు నుంచి ఈ మీటలు కార్డుదారు చేతిలోనే ఉన్నాయి. అయినా నేనూ ఒకసారి తప్పాను. ఫోన్ నంబరు మార్చి బ్యాంకులో మార్పించడం మర్చిపోయాను. ఏడాదిపాటు నా ఖాతా మెసేజ్‌లు ఎవరికి వెళ్లాయో ఇప్పటికీ తెలియదు. మీరు మీ నంబరు సరిచూసుకున్నారా?

వచ్చే జీతం పడేలోగా మూడు పనులు చేయండి: పాత కార్డు శాశ్వతంగా రద్దు చేయించడం, డిపాజిట్ లింకు తీయించడం, కార్డు లేని కొత్త ఖాతా ఒకటి తెరవడం. అప్పులు తీరేదాకా అందులోకి చిన్న మొత్తమే వెళ్లినా పర్లేదు. విచారణ తేలి డబ్బు వెనక్కి వచ్చిన రోజు మాత్రం, అది పాత ఖాతాలో ఒక్క రాత్రి కూడా నిద్ర చేయకూడదు.