పాత ఫోన్ తీగల మీద ఈథర్‌నెట్ (సమాధానం)

గేటు క్యాబిన్ దాకా ఉన్న రెండు కిలోమీటర్ల పాత ఫోన్ కేబుల్‌కి ఆర్‌జే45 (నెట్‌వర్క్ ప్లగ్) క్రింప్ చేసి నెట్‌వర్క్ స్విచ్‌లో పెడితే లింక్ లైటు రావట్లేదన్నారు. రాదండి, స్విచ్ తప్పేం లేదు. మామూలు ఈథర్‌నెట్ 100 మీటర్ల వరకే.

మీకు కావాల్సింది 2బేస్-టీఎల్ (ఫోన్ తీగల మీద ఎక్కువ దూరం వెళ్లే ఈథర్‌నెట్ రకం) మోడెమ్‌లు, చెరో చివర ఒకటి. 2004 నాటి 802.3ఏహెచ్ అనే ఈథర్‌నెట్ ప్రమాణంలోదే ఇది. 2.7 కిలోమీటర్ల దాకా ఒక్కో జత తీగకు 2 ఎంబీపీఎస్ ఇస్తుంది. నాలుగు జతలు ఖాళీ అన్నారుగా, బాండింగ్ చేస్తే (అన్నిటినీ ఒకే లింక్‌గా కలిపితే) 8 ఎంబీపీఎస్ వస్తుంది. సీసీటీవీకి పర్లేదు. ఫోన్ తీగల మీదే నడిచే ఇంకో రకం, వీడీఎస్ఎల్ ఎక్స్‌టెండర్, చవకే గానీ ఇంత దూరానికి నీరసపడుతుంది.

కొనేముందు అవతలి చివర జతలోని రెండు తీగల్నీ కలిపి షార్ట్ చేసి, ఇటు మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడండి. 0.5 మి.మీ. తీగైతే కిలోమీటరుకు సుమారు 170 ఓమ్స్ రావాలి. ఏదైనా జత బాగా ఎక్కువ చూపిస్తే ముందు జాయింట్లు విప్పి చూడండి, చిలుము పట్టి ఉంటుంది.