బైరాయిట్‌లో ఒపెరా: వెళ్లేముందు తెలుసుకోవాల్సినవి

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో చదువుతున్నాడు. వచ్చే ఆగస్టులో బైరాయిట్ ఉత్సవానికి తీసుకెళ్తానంటున్నాడు. పద్యనాటకాలు తెల్లవార్లూ చూసినదాన్నే గానీ, జర్మన్ ఒక్క ముక్క రాదు. ఏమేం చూసుకోవాలండీ?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తెల్లవార్లూ కూర్చున్న ఆ ఓపికే అక్కడ మీకు అక్కరకొస్తుందమ్మా. ఒపెరా అంటే వాద్యబృందంతో పాటగా సాగే నాటకం. ఈ ఉత్సవం జరిగేది జర్మన్ సంగీతకర్త రిచర్డ్ వాగ్నర్ తన ఒపెరాల కోసమే కట్టించుకున్న థియేటర్‌లో. దాన్ని 1876లో తెరిచారు. సీట్లు సుమారు 1,900.

ముందు టికెట్ సంగతి. దాని మీద పేరుంటుంది, లోపలికి పంపేటప్పుడు గుర్తింపు అడగవచ్చు. మన ఇంటిపేరు, పేరు తారుమారయ్యేది ఇక్కడే. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయమనండి. జర్మనీ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి.

ఆట ఎక్కువగా సాయంత్రం 4 గంటలకు మొదలవుతుంది. విరామం ఒక్కోటి గంటసేపు. అంకం మొదలయ్యే 15 నిమిషాల ముందు బాల్కనీలోంచి ఒకసారి బూరలు ఊదుతారు, 10 నిమిషాల ముందు రెండుసార్లు, 5 నిమిషాల ముందు మూడుసార్లు. మొదటిదానికే కదలండి. ఎందుకంటే వరుసలను చీలుస్తూ మధ్యలో నడిచే దారి ఉండదు, తలుపులన్నీ పక్కలనే. మధ్య సీటుకు చేరాలంటే వరుసలో సగం మంది లేచి నిలబడాలి. తలుపులు మూశాక అంకం ముగిసేదాకా బయటికి రావడం కుదరదు, అది గంటన్నర దాటవచ్చు కూడా. షుగర్ ఉన్నవాళ్లు మందు, తిండి, బాత్‌రూమ్ విరామంలోనే ముగించుకోవాలి.

కుర్చీలు చెక్కవి, మెత్త పలచన, చేతులు ఆనించుకునే వీలుండదు. ఏసీ ఉండదు, ఆగస్టులో ఉక్కపోస్తుంది. బరువైన పట్టుచీర వద్దు, వెంకటగిరి నూలు చీర హాయి.

వాద్యకారులు కనబడలేదని వెతక్కండి. మన నాటకంలో హార్మోనియం కళ్లెదుటే ఉంటుంది. అక్కడ వాద్యబృందమంతా వేదిక కిందికి దిగిన గోతిలో, పైకప్పు చాటున ఉంటుంది. నాదం ముందు వేదిక వైపు వెళ్లి, గాయకుల గొంతుతో కలిసి మన దగ్గరికొస్తుంది. అందుకే అంత పెద్ద బృందం వాయిస్తున్నా, మైకు లేని గొంతు మునిగిపోదు. ఆ హాలు గొప్పతనమంతా ఇదే, దీనికోసం ఎంత ఉక్కనైనా ఓర్చుకోవచ్చు.

తెర మీద అనువాదం వస్తుందనుకోవద్దు. అంకానికి అరపేజీ చొప్పున కథ తెలుగులో రాసుకుని నాలుగుసార్లు చదవండి. పాట బాగుందని మధ్యలో చప్పట్లు, వన్స్‌మోర్‌లు కూడదు.

ప్రశ్న: టికెట్ దొరక్కపోతే ఆ ఊరు వెళ్లడం దండగేనా?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: కాదు. అదే ఊళ్లో 1740ల్లో కట్టిన మార్‌గ్రేవియల్ ఒపెరా హౌస్ ఉంది. లోపలంతా చెక్కపని, బంగారు పూత. 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. దాన్ని మ్యూజియంలా టికెట్ కొని చూడొచ్చు. వాగ్నర్ ఇల్లు వాన్‌ఫ్రీడ్ కూడా ఇప్పుడు మ్యూజియమే, ఆయన సమాధి ఆ తోటలోనే ఉంది. న్యూరెంబర్గ్ నగరం నుంచి బైరాయిట్‌కు రైల్లో సుమారు గంట. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.