ఫిట్స్ వచ్చిన కుక్క నోట్లో చెయ్యి పెట్టకండి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. మిరప, పత్తి వేస్తాం. ఇంట్లో మూడేళ్ల తెల్ల పొమేరియన్ కుక్క ఉంది, ఆరు కిలోల దాకా తూగుతుంది. నెల కిందట తెల్లవారుజామున ఉన్నట్టుండి పక్కకు పడిపోయి కాళ్లు కొట్టుకుంది. నోట్లో నురగ వచ్చింది, మూత్రం పోసుకుంది. కాసేపటికి లేచి మామూలైంది. మొన్న ఆదివారం మళ్లీ అలాగే అయింది. నాలుక మింగేస్తుందేమోనని నా భార్య నోట్లో చెయ్యి పెడితే వేలు కొరికింది, రక్తం వచ్చింది. ఇది పిచ్చికుక్క, ఊరి బయట వదిలేయండి అంటున్నారు ఇరుగుపొరుగు వాళ్లు. ఏం చేయాలి?

జవాబు: కుక్క సంగతి తర్వాత, ముందు మీ శ్రీమతి గారి వేలు. ఆదివారం నుంచి ఆస్పత్రికి వెళ్లకపోతే ఇవాళే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. రక్తం వచ్చిన కాటు అని డాక్టరుకు తప్పక చెప్పండి. రేబిస్ టీకాతో పాటు సీరం (గాయం చుట్టూ వేసే రేబిస్ విరుగుడు మందు) కావాలో వద్దో వారు చూస్తారు. కుక్క కరిచిన వెంటనే చేయాల్సిన పని, సబ్బు రాసి కుళాయి ధార కింద పావుగంట కడగడం. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు.

ఇక పిచ్చి అన్న మాట. రేబిస్ లక్షణాలు పైకి కనిపించాక కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. మీ కుక్కకు మొదటిసారి ఫిట్స్ వచ్చి నెలయింది. మధ్యలో తింటూ తిరుగుతూ బాగానే ఉంది. కాబట్టి నెల కిందట వచ్చింది రేబిస్ కాదు. అయినా కరిచిన రోజు నుంచి పది రోజులు ఇంట్లోనే కట్టేసి గమనించండి. గొంతు మారినా, దవడ వేలాడినా, నీళ్లు మింగలేకపోయినా, ముట్టుకోకుండా పశువుల డాక్టరును పిలవండి. ఊరి బయట మాత్రం వదలొద్దు. వదిలేస్తే గమనించడానికి కుక్కే ఉండదు, పైగా ఏ కాలువ గట్టునో ఫిట్స్ వచ్చి చచ్చిపోతుంది.

మీరు రాసిన లక్షణాలు ఫిట్స్‌వే. ఫిట్స్ రాబోయే ముందు కొన్ని కుక్కలు మంచం కింద దాక్కుంటాయి, కొన్ని మన కాళ్లను వదలవు. తర్వాత ఒళ్లు కొయ్యబారి, పళ్లు గిట్టకరచుకుపోయి, ఈత కొడుతున్నట్టు కాళ్లు ఆడిస్తాయి. ఇది ఎక్కువసార్లు రెండు నిమిషాల్లోపే ఆగుతుంది. ఆగాక కాసేపు తూలుతుంది, గోడకు గుద్దుకుంటుంది, మిమ్మల్ని కూడా గుర్తుపట్టకపోవచ్చు. చిన్న కుక్కల్లో గుండెజబ్బు వల్ల సొమ్మసిల్లడం కూడా చూస్తాం. అప్పుడు ఒళ్లు మెత్తగా వాలిపోతుంది, చిగుళ్లు పాలిపోతాయి, కొద్ది క్షణాల్లోనే తేరుకుని మామూలుగా నడుస్తుంది. ఈ తేడా డాక్టరుకు తెలియాలంటే ఫోన్‌లో వీడియో తీసి చూపించడమే సులువైన దారి.

ఫిట్స్ జరుగుతున్నంతసేపు చేయాల్సింది చాలా తక్కువ. గడియారం చూడండి. టెన్షన్‌లో ఒక నిమిషం పది నిమిషాల్లా అనిపిస్తుంది, అందుకే మనసులో లెక్కేస్తే కుదరదు. మంచం మీద, మెట్ల మీద ఉంటే మెల్లగా నేల మీదికి దించండి. తలకు తగిలే బల్ల, కుర్చీ జరపండి. టీవీ ఆపండి, పిల్లల్ని పక్కకు పంపండి. నోటి దగ్గరికి మాత్రం చెయ్యి పోనివ్వకండి. కుక్క నాలుక మింగదు. మహా అయితే కొరుక్కుంటుంది, ఆ పుండు మానిపోతుంది. కరవడం దానికి తెలిసి చేసిన పని కాదు, దవడ దానంతట అది బిగుసుకుంటుంది. తాళాలు పట్టించడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల లాభం లేదు. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అసలు జబ్బు కంటే పెద్ద ప్రమాదం వస్తుంది. లేచి నిలబడి, తనంతట తాను మింగగలిగినప్పుడే కాసిని నీళ్లు పెట్టండి.

ఐదు నిమిషాలు దాటినా, పూర్తిగా తెలివి రాకముందే మళ్లీ మొదలైనా, ఒక్క రోజులో రెండుసార్లు వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి బయలుదేరాలి. ఆగని ఫిట్స్‌లో ఒళ్లు విపరీతంగా వేడెక్కి మెదడు దెబ్బతింటుంది. దారిలో పాదాలకు, పొట్టకు తడిగుడ్డ అద్దుతూ గాలి తగలనివ్వండి. ఐసు నీళ్లు వద్దు.

ఎందుకు వచ్చిందన్న దగ్గర మీ ఇల్లు ఒకసారి చూసుకోండి. పత్తి, మిరప రైతుల ఇళ్లలో పురుగుమందు డబ్బాలు, గుళికలు, ఎలుకల మందు కలిపిన బియ్యం కుక్కకు అందే ఎత్తులోనే ఉంటాయి. పురుగుమందు విషమైతే తరచుగా ఫిట్స్‌తో పాటు చొంగ విపరీతంగా కారుతుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి, కండరాలు అదురుతాయి. అలాంటప్పుడు ఆ డబ్బా కూడా పట్టుకుని పరుగెత్తాలి. గోమార్లు పోతాయని చేనుకు తెచ్చిన మందును కుక్క ఒంటికి పూయడం, గేదె మోతాదు లెక్కన ఐవర్‌మెక్టిన్ (పురుగులు, గోమార్లు పోవడానికి వాడే మందు) సూది వేయించడం నేను గట్టిగా వద్దంటాను. ఆరు కిలోల ప్రాణానికి అది చాలా ఎక్కువ.

చిన్న జాతుల్లో గుర్తుంచుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. మూడు నెలల్లోపు పిల్ల పూటంతా తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. ఈని రెండు మూడు వారాలై పాలిస్తున్న తల్లి వణికి బిగుసుకుపోతే అది కాల్షియం లోపం కావచ్చు, వెంటనే నరానికి ఎక్కించాలి. డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు) టీకా వేయించని కుక్కల్లో ఆ జబ్బూ ఒక కారణం.

ఇవేవీ లేకుండా ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు మొదలై, మధ్యలో కుక్క పూర్తిగా బాగుంటే ఎక్కువగా అది మూర్ఛవ్యాధి. మీ కుక్కకు నెలలోనే రెండుసార్లు వచ్చింది కనుక, రక్తపరీక్ష చేయించి మాత్రలు మొదలుపెట్టాల్సిన స్థితే. మీకు గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆస్పత్రి అందుబాటులో ఉంటుంది. సాధారణంగా ఫినోబార్బిటోన్ మాత్రలు రోజుకు రెండు పూటలా ఇస్తారు. మొదటి ఒకటి రెండు వారాలు మత్తుగా ఉంటుంది, ఆకలి, దాహం పెరుగుతాయి, భయపడొద్దు. ఫిట్స్ తగ్గాయి కదా అని సొంతంగా ఆపేస్తే మునుపటి కంటే గట్టిగా తిరగబెడతాయి. ఇంట్లో మనుషులు వాడే ఫిట్స్ మాత్రలు విరిచి వేయకండి. కొన్ని నెలలకోసారి రక్తంలో మందు మోతాదు, కాలేయం పరీక్ష చేయించాలి.

పది రోజుల గడువు అయ్యాక, డాక్టరును అడిగి రేబిస్ టీకా వేయించండి. ఏటా జూలై 6న పశువుల ఆస్పత్రుల్లో ఉచితంగా వేస్తారు, కానీ ఆ రోజు దాకా ఆగనక్కర్లేదు. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఒక చీటీ మీద తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు ఉంది, అంతకుముందు ఏం తిన్నది, ఒంటికి ఏ మందు పూశారు అన్నవి రాసుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేవి అవే.