ఫేక్ అకౌంట్‌తో బదులు తీర్చుకున్నా, కోపం పోవడం లేదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం వైపు. హైదరాబాద్‌లో బీటెక్ మూడో ఏడాది. నా యాసను వెక్కిరిస్తూ, నా ఫొటోలతో స్టిక్కర్లు చేసి ఏడాదిగా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. ఇదంతా మొదలుపెట్టిన అమ్మాయి మీద ఫేక్ అకౌంట్ తెరిచి, వాళ్లింటి గొడవలన్నీ రాసేశాను. వారంగా తను క్లాసుకు రావడం లేదు. నాకు నిద్ర పట్టడం లేదు. అయినా కోపం పోలేదు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ఏడాదిపాటు నలుగురిలో నవ్వులపాలవడం చిన్న బాధ కాదు. ‘స్టిక్కరేగా, లైట్ తీస్కో’ అన్నవాళ్లకు అది తెలియదు. క్లాసులో వెక్కిరిస్తే హాస్టల్‌కు వచ్చేస్తే తప్పుతుంది. ఫోన్లో వెక్కిరిస్తే అర్ధరాత్రి మంచం మీదా తప్పదు.

కానీ ఆ అమ్మాయి వారంగా రావడం లేదన్నావే, నా ఆందోళన ముందు దాని గురించే. ఈరోజే ఆమె రూమ్మేట్‌కో, మీకు నమ్మకమున్న మేడమ్‌కో చెప్పి, ఎలా ఉందో కనుక్కోమను. ఆ పోస్టులు వెంటనే తీసెయ్. రాసింది నువ్వేనని ఆ మేడమ్ దగ్గర ఒప్పుకుని, ఆవిడ సమక్షంలోనే ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పు. అందులో ‘నువ్వూ చేశావుగా’ అన్న మాట రానీయకు. దానికి వేరే చోటుంది.

రాసేస్తే కోపం చల్లారుతుందనుకున్నావు. చాలామంది అలాగే అనుకుంటారు. 2002లో అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థుల మీద ఇదే పరీక్షించాడు. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను గుద్దినవాళ్లలోనే కోపం ఎక్కువగా మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లలో దూకుడు తక్కువ. అవమానాన్ని పదేపదే తలుచుకుంటే అది కోపంగా ముదురుతుంది. పైగా ఫేక్ అకౌంట్ వెనక మన పేరుండదు, ఎదుటి మనిషి కన్నీళ్లు కనబడవు. ఎదురుగా అనలేని మాటలు అక్కడ అనేస్తాం.

నీకు జరిగిన అన్యాయాన్ని మాత్రం వదిలెయ్యకు. స్టిక్కర్ల స్క్రీన్‌షాట్లు తేదీలతో దాచుకుని కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వు. యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2009లో పెట్టిన నిబంధనల ప్రకారం సీనియర్లు చేస్తేనే ర్యాగింగ్ కాదు, తోటి విద్యార్థులు పెట్టే పోస్టులతో అవమానించినా ర్యాగింగే. ప్రాంతం, భాష పేరుతో హింసించడాన్నీ 2016లో అందులో చేర్చారు. నీ యాస సంగతి సరిగ్గా దాని కిందికే వస్తుంది. కాలేజీ కదలకపోతే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చెయ్. నువ్వు చేసినదానికి నిన్నూ అడుగుతారు, దాచకు.

ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని భయముంటే, ముందు అమ్మకు ఒక్కదానికే చెప్పు. నిద్ర పట్టని రాత్రి ఫోన్ పక్కన పెట్టుకుని గ్రూపు చూస్తూ కూర్చోకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చెయ్. ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.