ఎఫ్‌డీ తీసేసి, నగలు తాకట్టు పెట్టి కొనే కారు

ప్రశ్న: మాది కరీంనగర్. నాకు 34 ఏళ్లు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 38,000. మా ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, నెలకు 9,000 దాకా వస్తాయి. ఇద్దరు పిల్లలు, ఒకరికి ఏడేళ్లు, ఒకరికి మూడు. నాన్నగారు (66) మాతోనే ఉంటారు, ఆయనకు బీపీ, షుగర్. ఇంటి ఖర్చులు 33,000. వేసవిలో రెండు నెలలు జీతం ఆలస్యంగా వస్తుంది, ఎలాగో సర్దుకుంటాం. స్కూటీ మీద నలుగురం వెళ్లడం ఇక కుదరడం లేదు. జీఎస్టీ తగ్గింది కదా అని వ్యాగన్ఆర్ బుక్ చేసి 11,000 కట్టాం. ఆన్‌రోడ్ 6.80 లక్షలు చెప్పారు. బ్యాంకులో ఊరికే ఉన్న ఎఫ్‌డీ 1.60 లక్షలు, నగల మీద గోల్డ్ లోన్ 1.20 లక్షలు డౌన్ పేమెంట్‌గా కడితే, మిగతా 4 లక్షలకు ఏడేళ్ల లోన్. ఈఎంఐ 6,540 మాత్రమే. మా బడ్జెట్‌కు ఇది సరైన కారేనా, ఆల్టో కే10 మేలా?

జవాబు: కారు సంగతి ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లో ఎక్కాల్సింది ఐదుగురు, అందులో ఒకరు పెద్దాయన. సీటు కాస్త ఎత్తుగా ఉండే వ్యాగన్ఆరే నయం. కారు విషయంలో మీరు తప్పు చేయలేదు, డబ్బు తెచ్చే దారిలో చేస్తున్నారు. ఇవే అంకెలు కాస్త అటూ ఇటూగా ఇంకా చాలామంది రాస్తున్నారు కాబట్టి మీ లెక్కనే వివరంగా చూద్దాం.

మీ ఉత్తరంలో ‘ఈఎంఐ 6,540 మాత్రమే’ అన్నారు. ఆ ‘మాత్రమే’ షోరూమ్‌వాళ్లు నేర్పించిన మాట. ఇంట్లోకి వచ్చేది 47,000, ఖర్చు 33,000, మిగిలేది 14,000. అందులోంచి ఈఎంఐ 6,540. గోల్డ్ లోన్ మీద 12 శాతం చొప్పున వడ్డీయే నెలకు 1,200, అసలు ఒక్క రూపాయి తీరకుండా. నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే, ఊళ్లో 17 మైలేజీ లెక్కన 35 లీటర్లు, అంటే పెట్రోలుకు 3,800 దాకా. సర్వీసింగ్, ఏటేటా ఇన్సూరెన్స్, నాలుగైదేళ్లకోసారి టైర్లు, బ్యాటరీ, అన్నీ నెలసరిగా విడదీస్తే ఇంకో 2,200. మొత్తం 13,740. మీ చేతిలో మిగిలేది 260 రూపాయలు. మూడేళ్ల పాప వచ్చే ఏడు బడికి వెళ్తుంది కదా, ఆ ఫీజు ఈ 260 లోంచి కడతారా?

ఇది బాగున్న నెల లెక్క. మీరు దాటేసిన వాక్యం ఒకటుంది: ‘వేసవిలో రెండు నెలలు జీతం ఆలస్యంగా వస్తుంది, ఎలాగో సర్దుకుంటాం.’ ఎలా సర్దుకుంటున్నారో రాయలేదు కానీ నాకు తెలుసు. ఆ ఎఫ్‌డీ ఉందన్న ధైర్యంతో కిరాణా కొట్టులో ఖాతా పెట్టించుకుంటున్నారు, తోటి లెక్చరర్ దగ్గర పదివేలు చేబదులు తీసుకుంటున్నారు. ఆ ఎఫ్‌డీ వెళ్లి కారులో కూర్చున్నాక వచ్చే మే నెలలో ఏం చేస్తారు? కాలేజీ జీతం ఆపుతుంది కానీ బ్యాంకు ఈఎంఐ ఆపదు. ఖాతాలో డబ్బు లేక వాయిదా బౌన్స్ అయితే పెనాల్టీ, సిబిల్ స్కోరుకు దెబ్బ. అప్పుడు ఫోన్‌లో ‘ఐదు నిమిషాల్లో లోన్’ యాప్‌లు కనిపిస్తాయి. అక్కడిదాకా వెళ్లిన లెక్చరర్లు ఒకరిద్దరు కాదు.

ఆ 1.60 లక్షలు ఊరికే లేవండీ. మీ ఇంటికి దాదాపు ఐదు నెలల ఖర్చు అది, పైగా ఉన్న అత్యవసర నిధి అదొక్కటే. మామూలు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలంటాం. ఏటా రెండు నెలలు జీతం నిలిచిపోయే ఉద్యోగంలో ఉండి, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దాయనను చూసుకుంటున్న మీకు ఎనిమిది నెలలది ఉండాలి. అంటే 2.64 లక్షలు. లక్షకు పైగా తక్కువలో ఉన్నారు, ఉన్నది కూడా తీసేస్తానంటున్నారు.

ఉత్తరంలో ఎక్కడా ఆరోగ్య బీమా మాటే లేదు. అడిగిస్తే కాలేజీ గ్రూప్ పాలసీ లేదు, సొంతంగా తీసుకోలేదు అని చెప్పారు. ఈ జీతానికి ఈఎస్ఐ (తక్కువ జీతాల ఉద్యోగులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) వర్తించదు. మరి రేపు నాన్నగారికి ఛాతీలో నొప్పి వస్తే ఆసుపత్రి కౌంటర్‌లో అడ్వాన్స్ ఎక్కడి నుంచి కడతారు? కారు ఉంటుంది, అందులో తీసుకెళ్తారు. బిల్లు కట్టడానికి ఏమీ ఉండదు. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గిందని ఊరంతా చెప్పుకుంది. అదే రోజు వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ పూర్తిగా ఎత్తేశారు. దాని కోసం షోరూమ్ ముందు ఎవరూ బెలూన్లు కట్టలేదు.

మీ ఇద్దరికీ, పిల్లలకూ కలిపి 10 లక్షల ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా), మీ పేరిట కనీసం 50 లక్షల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. రెండూ కలిపి నెలకు సుమారు 3,000 అనుకోండి. నాన్నగారికి విడిగా తీసుకోవాలి, ప్రీమియం ఎక్కువే. బీపీ, షుగర్ దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం (వాటికి క్లెయిమ్ రాని కాలం) గరిష్ఠంగా మూడేళ్లే, ఎంత ముందు మొదలుపెడితే అంత ముందు తీరుతుంది. ఆయన ప్రీమియం ఇప్పుడే మోయలేమనుకుంటే ముందు మీ నలుగురిదీ కానిచ్చి, నిధి సంగతి ఇంకాస్త గట్టిగా పట్టుకోండి.

గోల్డ్ లోన్ దగ్గరికి వస్తే నాకు నిజంగానే చిరాకు వస్తుంది. విత్తనాలకో, ఆసుపత్రికో నగలు కుదువపెట్టారంటే అర్థం చేసుకోవచ్చు. షోరూమ్ గేటు దాటగానే ధర పడిపోయే వస్తువు కోసం ఆడవాళ్ల నగలు లాకర్‌లోకి పంపడమేమిటి? ఏడాది తిరిగేసరికి 1.20 లక్షల అసలు ఒక్కసారే కట్టమంటారు. నెలకు 260 మిగిలే ఇంట్లో అది జరగదు. వడ్డీ కట్టి మార్పించుకుంటారు, మళ్లీ ఏడాదికి మళ్లీ అదే. ఒక ఏడాది వడ్డీ కూడా కుదరకపోతే వేలం నోటీసు వస్తుంది.

ఇంకో లెక్క చూడండి. కారుకు మూడేళ్లు దాటితే ఇన్సూరెన్స్‌లో ఐడీవీ (కారు పూర్తిగా పోతే కంపెనీ లెక్కలోకి తీసుకునే విలువ) లెక్కగట్టేటప్పుడు 40 శాతం తరుగు తీసేస్తారు. మీరు పంపిన కొటేషన్‌లో ఎక్స్‌షోరూమ్ ధర 5.52 లక్షలు, అప్పటికి ఐడీవీ 3.31 లక్షలు అవుతుంది. ఆ సమయంలో కారు దొంగతనానికి గురైనా, వరదలో పూర్తిగా పాడైనా కంపెనీ ఇచ్చేది దాదాపు అంతే. బ్యాంకు బాకీ ఇంకా 2.60 లక్షలు ఉంటుంది, గోల్డ్ లోన్ 1.20 అలాగే ఉంటుంది. కారు పోయి, చేతికి వచ్చిందంతా కట్టేశాక కూడా 49,000 అప్పు మిగులుతుంది. ఏడేళ్ల కాలవ్యవధికి నేను ఎప్పుడూ ఒప్పుకోను. 4 లక్షల మీద వడ్డీయే దాదాపు లక్షన్నర. నాలుగేళ్లలో తీర్చలేని కారు మన స్తోమతకు మించిన కారే.

ఆ కొటేషన్‌లోనే సీట్ కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు, డోర్ వైజర్లు, మడ్ ఫ్లాప్‌లు కలిపి ‘యాక్సెసరీస్ కిట్’ 16,500 అని, దాని కింద చిన్న అక్షరాల్లో హ్యాండ్లింగ్ ఛార్జీలు 4,000 అని ఉంది. ఎప్పుడు కొన్నా, ఎవరి దగ్గర కొన్నా ఈ రెండు లైన్లూ కొట్టేయమనండి. కిట్ తప్పనిసరి కాదు. ఇన్సూరెన్స్ కూడా డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు, బయట జీరో డెప్‌తో (రిపేరు క్లెయిమ్‌లో విడిభాగాల తరుగు కోయని పాలసీ) ఎంత అవుతుందో అడిగి చూడండి.

ఇక ఏం చేయాలి? ఎఫ్‌డీని కదపకండి. బీమాకు 3,000 పోగా మిగిలే 11,000 ప్రతి నెలా జీతం పడిన మర్నాడే ఆర్‌డీలోకి వెళ్లాలి. పది నెలల్లో నిధి 2.64 లక్షలకు చేరుతుంది. అక్కడి నుంచి ఇంకో పధ్నాలుగు, పదిహేను నెలలకు 1.60 లక్షలు కారు కోసమే చేరతాయి. వేసవి నెలలు తప్పితే తప్పుతాయి, ఇంకాస్త జరుగుతుంది. ఈలోగా మీరు నెలనెలా 11,000 పక్కన పెట్టగలుగుతున్నారా లేదా అన్నది కూడా తేలిపోతుంది. పెట్టలేకపోతే ఈఎంఐ కూడా కట్టలేకపోయేవారే కదా.

అప్పుడు 2.75 లక్షల్లో ఒకే చేతి మీద నడిచిన పాత వ్యాగన్ఆర్ చూడండి. తక్కువైన 1.15 లక్షలకు 12.5 శాతం మీద మూడేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ 3,850. తిరుగుడు ఖర్చు 6,000 కలిపినా 11,000 లోపే. మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, ఆర్‌సీ మీద హైపోథెకేషన్ (పాత ఓనరు కారు లోన్ నమోదు) తీసేశారో లేదో చూడండి. ఆర్‌సీ పేరు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మీ పేరిట మార్పించుకోండి. అమ్మినాయన పేరు మీదే పాలసీ నడుస్తుంటే, గుద్దుకున్న రోజు మీ కారు రిపేరు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది మనిషిది, కారుది కాదు.

సీఎన్‌జీ ఈ కాస్త తిరుగుడుకు పెద్దగా కలిసిరాదు. వేములవాడ, జగిత్యాల వెళ్లాల్సిన రోజున కారు మాట్లాడుకోండి. నెలకు రెండుసార్లు మాట్లాడుకున్నా సొంత కారు ఖర్చులో సగం కూడా కాదు. మిగతా రోజుల్లో మీ ఆవిడకు ఆర్టీసీ బస్సు ఎలాగూ ఉచితమే. స్కూటీ మీద మాత్రం నలుగురూ ఎక్కకండి, అది డబ్బు లెక్క కాదు.

బుకింగ్‌కు కట్టిన 11,000 గురించి. బుకింగ్ ఫారం వెనక రద్దు నిబంధనలు ఉంటాయి, చదవండి. సేల్స్ అబ్బాయితో ఫోన్‌లో కాకుండా, రసీదు నంబరు వేసి డీలర్‌కు మెయిల్ పెట్టండి, రిఫండ్ ఏ తేదీకి ఇస్తారో రాతలో అడగండి. ‘ఆఫర్ ఈ నెలాఖరు వరకే’ అని రెండు మూడు ఫోన్లు వస్తాయి. వాళ్లు వెయ్యో రెండు వేలో కోసుకుంటామంటే కోసుకోనివ్వండి. ఎఫ్‌డీ రద్దు చేయమని బ్యాంకుకు ఇప్పటికే అర్జీ ఇచ్చి ఉంటే, మెయిల్ కంటే ముందు దాన్ని ఆపించండి.