ఇంట్లో మిరప మొక్కకి ఎంత కుండీ కావాలి?

పర్లాకిమిడిలో మేడ మీద అద్దెకుంటున్నాం, ఎండొచ్చే కిటికీ ఒక్కటే ఉంది, మిరపకి ఎంత కుండీ పెట్టాలని అడిగారు కదండీ. మామూలు పచ్చిమిర్చికి మొక్కకి 8 నుంచి 10 లీటర్లు, అంటే పదంగుళాల కుండీ సరిపోతుంది, క్యాప్సికంకి మాత్రం పన్నెండంగుళాలది పెట్టండి, కాయ బరువు కాబట్టి. పెయింట్ షాపుల దగ్గర దొరికే ఖాళీ 10 లీటర్ల బకెట్ బాగా కడిగి అడుగున ఐదారు బొక్కలు పెడితే కుండీ కొనక్కర్లేదు.

కానీ మొలకని తెచ్చి నేరుగా పెద్దదాంట్లో పెట్టకండి, దయచేసి. చిన్న వేళ్లు అంత మట్టిలో నీళ్లు పీల్చలేవు, మట్టి తడిగానే ఉండిపోయి వేరు కుళ్లిపోద్ది, మన వైపు వానాకాలంలో గదిలో మట్టి అసలు ఆరదు కదా. ముందు టీ గ్లాసంత కప్పు, నాలుగైదు ఆకులొచ్చాక ఆరంగుళాలది, అడుగు బొక్కల్లోంచి తెల్లవేళ్లు కనబడ్డాకే పెద్దది. నేను తొందరపడి రెండు మొక్కలు పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే.

ఒక కుండీకి ఒకటే మొక్క. పూత వచ్చాక రోజూ కొమ్మని మెల్లగా కదపండి, లోపల గాలుండదు కదా, పుప్పొడి రాలితేనే కాయ పడుతుంది.